పంటి వేరుకు పునర్జీవము

వైనతేయ గోదావరి సముద్రమున గలియు ఓడలరేవులో పిల్లలు ఇసుకతిన్నెలపైనను, పడవల అంచులపైనను ఆడుచుందురు. ఆటలో జారిపడి ముందుపన్ను విరుగుట ఏ యూరనైనను జరుగునదే. నొప్పి రెండు నాళ్లలో తగ్గును, పెద్దలు మరచిపోవుదురు. కొన్ని నెలలకు పన్ను నల్లబారి, చిగురుపై చీముపొక్కు లేచును. “తీయించివేసిన పీడ వదలును” అని అప్పు డందురు. ఆ మాట అనుటకు ముందు తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు. దానినే శ్రోతలకు మనవి చేయదలచితిమి.

పైవరుస ముందుపన్ను ఏడెనిమిదేండ్ల ప్రాయమున వచ్చును. దాని వేరు పూర్తి యగుటకు మరి మూడేండ్లు పట్టును. అంతవరకు వేరు కొన తెరచియుండును, గోడలు పలుచగా నుండును. పంటి లోపలి మెత్తని గుజ్జే ఆ గోడలను కట్టు మేస్త్రి. అది చచ్చినచో కట్టడము నడుమనే నిలిచిపోవును.

పెద్దల పంటికి లోపల శుభ్రపరచి గట్టాపర్చాతో పూడ్చిన చాలును. దీనినే రూట్ కెనాల్ చికిత్స యందురు. అడుగు తెరచియున్న పిల్లల పంటిలో ఆ పూడిక సరిగా నిలువదు. అందుచే కాల్షియం హైడ్రాక్సైడును నెలల తరబడి నించి కొన మూయించుచుండిరి. కొన మూతపడినను గోడ పలుచగనే మిగిలి, చిన్న దెబ్బకే విరుగు భయముండెడిది.

రక్తపు గడ్డ సాయమున వేరులో కొత్త కణజాలము పెరుగునా యని నార్వే పండితుడు నైగార్డ్ ఓస్ట్‌బీ 1961లో పరిశోధించెను. 2001లో జపానులోను, 2004లో అమెరికాలోను ప్రకటితమైన చికిత్సలతో ఈ పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. మొదట గోడలను గీకక, పలుచని సోడియం హైపోక్లోరైట్ ద్రవముతో మెల్లగా కడిగి, మందు పెట్టి మూయుదురు. కొన్ని వారములకు చీము తగ్గిన పిదప సన్నని సూదితో కొన యావలి కణజాలమును తాకి రక్తము రప్పింతురు. అది గడ్డకట్టగా పైన ప్రత్యేకమైన సిమెంటుతో మూసివేయుదురు. వరద తీసిన లంకపై ఒండ్రు నిలిచి పచ్చిక మొలచినట్లు, వేరు కొననుండి వచ్చిన మూలకణములు ఆ గడ్డ నాధారము చేసికొనును. అనేకుల యెడ గోడ దళసరియై, కొన మూసికొనును.

ఇది మంత్రము గాదు. పెరుగునది తొలి గుజ్జే యని చెప్పజాలము; తరచుగా ఎముకను బోలిన కణజాలమే యగును. వేరు అందరికిని పొడవెదుగదు. పంటి రంగు మారవచ్చును. ఏడాదికి పైగా ఎక్స్‌రేలతో పరీక్షించుచుండవలెను.

కావున తల్లిదండ్రులకు మా మనవి. పన్ను విరిగిన నాడే వైద్యునికి చూపుడు. శాశ్వతదంతము ఊడిపడినచో వేరు ముట్టక, పైభాగము పట్టుకొని, తిరిగి దాని చోటనే నిలుపుడు. చేతగానిచో పాలలో నుంచి కొనిపోవుడు. పాలపంటిని తిరిగి పెట్టరాదు. మన సీమలో చేతికందు కొబ్బరినీటిపైనను పరిశోధనలు జరిగినవి గాని ఫలితములు ఏకముగా లేవు; దాని పులుపు కణములకు హాని చేయునని కొందరు తేల్చిరి. పాలే మేలు.

అమలాపురమున దంతవైద్య కళాశాల గలదు. ఓడలరేవునకు అది దూరము గాదు. ఎనిమిదేండ్ల బిడ్డకు ఆ పన్ను డెబ్బదియేండ్లు పనిచేయవలసియున్నది. తీయించుటకు ముందు ఒక్కమారు, కాపాడ వీలగునా యని అడుగుడు.