కేటాయింపు కాదు, ఖర్చు చెప్పుండ్రి



నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం ఊరూరా నినదించినం. నీళ్లు కాలువల కనిపిస్తయ్, నియామకాలు నోటిఫికేషన్ల కనిపిస్తయ్. నిధులు మాత్రం బడ్జెట్ పుస్తకాలల్ల దాగి ఉంటయ్. ఆ పుస్తకం ఎట్ల తయారైతదో మాట్లాడుకుందాం.

బడ్జెట్ అసెంబ్లీల పుట్టది. అంతకు నెలల ముందే ఒక్కొక్క శాఖ తనకెంత కావాలెనో అంచనా రాసి ఆర్థిక శాఖకు పంపుతది. ఆర్థిక శాఖ రాబడి లెక్క కడతది. అమ్మకం పన్ను, 2017 జూలై నుంచి జీఎస్టీ, మద్యం, రిజిస్ట్రేషన్లు, గనుల రాయల్టీ, కేంద్ర పన్నుల్ల వాటా. చాలకపోతే అప్పు. రాబడిని ఉబ్బించి చూపిస్తే పద్దులు సుత పెద్దగ కనిపిస్తయ్. నడుమల పైసలు రాకపోతే వడ్డీ ఆపలేరు, జీతం ఆపలేరు. కోత పడేది స్కాలర్‌షిప్ మీద, హాస్టల్ మీద, కాలువ మీద.

అసెంబ్లీ పద్దు ఆమోదించినంత మాత్రాన పైస చేతికి రాదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇయ్యాలె, ట్రెజరీల బిల్లు పాస్ కావాలె.

ఈ కొట్లాట కొత్తది కాదు. తెలంగాణ మిగులు తెలంగాణకే ఖర్చు పెట్టాలెనని 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందంల రాసుకున్నరు. 1956 నవంబర్ నుంచి 1968 మార్చి దాంక మిగులు 34.10 కోట్లని 1969ల కుమార్ లలిత్ కమిటీ తేల్చింది. జస్టిస్ భార్గవ కమిటీ 28.34 కోట్లన్నది. అంకెలు వేరైనా, ఖర్చుగాని మిగులు ఉన్నదని రెండూ ఒప్పుకున్నయ్.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ నవంబర్ 5న మన కరీంనగర్ జిల్లా ఈటల రాజేందర్ లక్ష కోట్లు దాటిన తొలి బడ్జెట్ పెట్టిండ్రు. పుస్తకం మన చేతికొచ్చింది. పద్దులు మాత్రం ఎప్పటి తీరే శాఖలవారీగ ఉన్నయ్. కరీంనగర్‌కెంత, ఆదిలాబాద్‌కెంత అని తెల్వాలంటే అడగాల్సిందే.

గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గునే చూడుండ్రి. రాయల్టీ రేటు కేంద్రం పెడతది, 2012 నుంచి 14 శాతం. పైస రాష్ట్ర ఖజానల కలుస్తది. కలిసినంక ఏ ఊరి పైసనో గుర్తుండదు. 2015ల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టిండ్రు. పాత లీజుల మీద రాయల్టీల 30 శాతమంత పైస అదనంగ దాంట్ల పడాలె, గనుల దెబ్బ తిన్న ఊర్లకు ఖర్చు కావాలె. ఇది జిల్లా పేరుతోని ఉండే పైస. ఎంత పడ్డది, ఏ ఊర్ల ఏం కట్టిండ్రు?

మిత్రులారా, బడ్జెట్ పుస్తకంల మూడు లెక్కలుంటయ్. వచ్చే ఏడాది అంచనా, ఈ ఏడాది సవరించిన అంచనా, రెండేండ్ల కిందటి అసలు ఖర్చు. మొదటిది ఆశ, రెండోది సర్దుబాటు, మూడోదే నిజం. విద్యార్థులు ఫీజుల పద్దు, ఉద్యోగులు తమ శాఖ పద్దు, ఆ మూడు లెక్కలు పక్కపక్కన రాసుకోండ్రి. దొరకనిది 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుండ్రి.

అంచనాకు చప్పట్లు వద్దు. అసలు ఖర్చు చూసినంకనే మాట్లాడుదాం.