బండి ఆగినప్పుడు వెలగవలసిన బోర్డు

ఈ ఉదయమున ఒక బొమ్మ రైలు సంగతి చెప్పబోతున్నాను. నవ్వకండి. ఆ బొమ్మ రైలు దగ్గర నేను ఒక చిన్నవాని యెదుట తల వంచుకోవలసి వచ్చింది.

గాజువాక వైపున్న మా సంఘములో ఒక క్రిస్మస్‌కు పశువులపాక ప్రక్కనే సండేస్కూలు పిల్లలు మన విశాఖపట్నం స్టేషనును చేసిపెట్టారు. విదేశములో ఉన్న ఒక సహోదరుడు పంపిన రైలు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. ఎనిమిదో తరగతి బాబు ఒకడు స్టేషను పేరు బోర్డు చేశాడు. పసుపు కాగితము మీద మూడు భాషల్లో నల్లని అక్షరాలు, లోపల బియ్యపు గింజంత తెల్లని ఎల్ఇడి దీపము, వెనుక వెలుగు కారకుండా నల్లని అట్ట. వారం రోజులు కూర్చున్నాడు పాపం.

తీగలను మాత్రం పట్టాలకే కలిపాడు. కరెంటు అక్కడే ఉన్నది గదా అని. బండి పరుగెత్తుతుంటే బోర్డు చక్కగా వెలిగింది. బండి నెమ్మదించేకొద్దీ మసకబారింది. స్టేషనులో ఆగగానే ఆరిపోయింది! ప్రయాణికుడు పేరు చదువుకునేది బండి ఆగినప్పుడే గదా.

మీకు తెలుసు, హౌరా వైపు నుండి వచ్చి చెన్నై వైపు వెళ్ళే బండ్లు అనేకం మన స్టేషనులో ఇంజనును రెండో కొసకు మార్చుకొని, వచ్చిన దిక్కుకే తిరిగి, దువ్వాడ దారి పడతాయి. పిల్లలు కూడా అలాగే నడిపారు. బండి వెనుదిరిగి పరుగెత్తినా బోర్డు వెలగలేదు.

అందరూ చూస్తుండగా నేనన్నాను, “ఏమిరా, అతుకు సరిగా పెట్టలేదు.” వాడు మూడుసార్లు తీసి అతికాడు. అంతటితో ఊరుకున్నానా? తీగ మధ్య ఏదో చిన్న ముక్క కనబడింది. అదే అడ్డుపడుతున్నదని పీకేసి, 12 వోల్టుల అడాప్టరుకు సూటిగా కలిపాను. ఒక్క మెరుపు మెరిసింది. అంతే. దీపము పోయింది. “నీ బోర్డే చెడ్డది” అన్నాను. ఆ మాట నా నోటి నుండి వచ్చినదే. మరునాడు బాబు రాలేదు.

వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తండ్రి పోర్టులో ఎలక్ట్రీషియన్, రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. “అయ్యగారూ, మీరు పీకేసింది రెసిస్టరండి” అన్నాడు మెల్లగా. అతడు చెప్పినది విన్నాక నాకు ముఖము చెల్లలేదు.

సంగతి ఇది. ఇటువంటి బొమ్మ ఇంజనుకు కరెంటు పట్టాల గుండానే వస్తుంది. మీట తిప్పితే సున్నా నుండి 12 వోల్టుల దాకా మారుతుంది. అదే దాని వేగము. సున్నా అయితే బండి ఆగుతుంది, దానితో బోర్డూ ఆరుతుంది. దిక్కు మారాలంటే ప్లస్సు మైనస్సు తారుమారు కావాలి. ఎల్ఇడి ఒక దిక్కుగా వచ్చే కరెంటుకే వెలుగుతుంది. పైగా చాలా ఎల్ఇడిలు ఎదురు దిక్కున 5 వోల్టులకు మించి ఓర్చుకోలేవు. డిజిటల్ పద్ధతి రైళ్ళలో పట్టాల మీద వోల్టులు ఎప్పుడూ ఉంటాయి గాని, బండి పట్టా తప్పి షార్టయితే అక్కడా దీపాలన్నీ ఆరతాయి. కాబట్టి బోర్డులకు వేరే అడాప్టరు ఉండాలి. పదిమంది కన్యకల దివిటీల సంగతి మీరెరిగినదే. నూనె ఎవరి సిద్దెలో ఉన్నదన్నదే అక్కడి ప్రశ్న.

ఇక ఆ చిన్న ముక్క లెక్క. తెల్లని ఎల్ఇడి సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది. 12లో 3 పోతే 9. చిన్న బోర్డుకు 5 మిల్లీ ఆంపియర్లు చాలు. 9ని 0.005తో భాగిస్తే 1,800 ఓములు. పాత రకం అడాప్టర్లు బరువు తక్కువైనప్పుడు 12కు మించి ఇస్తాయి గనుక అతడు 2,200 వేయమన్నాడు. ఎనిమిది బోర్డులున్నా 40 మిల్లీ ఆంపియర్లే. 500 ఇచ్చే అడాప్టరు ఎంతో మిగులు. అయితే ప్రతి దీపానికి దాని రెసిస్టరు దానికే ఉండాలి. ఒక్కదానితో అన్నిటికీ సరిపెడితే పంపకము సమముగా జరగదు, ఒకటి ఎక్కువ తాగుతుంది.

నేను బాబును పిలిచి, “తప్పు నాదిరా, నీ అతుకులో ఏ లోపమూ లేదు” అన్నాను. వాడు తలెత్తలేదు. ఆ మాట మందిరములో, అందరి యెదుట చెప్పవలసినదని అప్పుడు తోచింది. సాయంకాలము అక్కడే చెప్పాను.

కొత్త దీపము పెట్టి, హాలులో లైట్లు ఆర్పించాము. బండి వచ్చి ఆగింది. బోర్డు వెలుగుతూనే ఉన్నది. అక్షరాలు నేర్చుకుంటున్న ఒక పాప ముందుకు వంగి “వి... శా... ఖ...” అని కూడబలుక్కున్నది. బండి వెనుదిరిగి కదిలినా వెలుగు తగ్గలేదు.

బాబు నా ప్రక్కకు వచ్చి, “అయ్యగారూ, దువ్వాడ బోర్డు కూడా చేయనా?” అని అడిగాడు. చేయమన్నాను. “మీరు మాత్రం ముట్టుకోవద్దండి” అన్నాడు.