సైకిలు యాత్ర – సీమ చరిత్ర
(తలుపుల పఠన మందిరమున నొక న్యాయవాది గావించిన ఉపన్యాస పాఠము)



ఈ మందిరమునకు వార్తాపత్రికలు చదువవచ్చువారు తరచుగా దూరదేశముల సమాచారమునకై వత్తురు. నేడు నేను చెప్పబూనినది ఒక్క దినమున బస్సులో పోయి రాదగినంత దూరములోని సంగతి. రాబోవు శీతకాలమున మన యూరినుండి సైకిళ్ళపై అయిదు దినముల యాత్ర సాగింపవలెనని కొందరు యువకులు సంకల్పించిరి. మొదటి దినము కటారుపల్లె, తిమ్మమ్మ మర్రిమాను చూచి రాత్రి కదిరిలో విడిది. రెండవ దినము ఓబుళదేవరచెరువు మీదుగా గోరంట్ల. మూడవ దినము లేపాక్షి చూచి హిందూపురము. నాలుగవ దినము పెనుకొండ. అయిదవ దినము బుక్కపట్టణము చెరువుకట్ట మీదుగా కదిరికి, అచ్చటినుండి యింటికి. ఇందు మీరును చేరవలెనని కోరుటకే నేను వచ్చితిని.

"బస్సులుండగా, మోటారు సైకిళ్ళుండగా, కాళ్ళరుగ తొక్కుటెందులకు?" అని యొక పెద్దమనుష్యుడు నన్నడిగెను. ప్రశ్న న్యాయమైనదే. బస్సులో పోయినవానికి లేపాక్షి యొక చోటు, పెనుకొండ యొక చోటు; ఆ రెంటి నడుమ కునుకు. సైకిలుపై పోయినవానికి ఆ నడుమనున్నదే చరిత్ర. ఎక్కడ నేల యెగబ్రాకుచున్నదో పిక్కలు చెప్పును. ఏ గుట్టల సందున వంక పారునో, దాని కడ్డముగా చెరువుకట్ట యెందుల కచ్చటనే వేసిరో కన్ను చెప్పును. ఈ సీమలో రాజులు కోటలు కట్టుటకు ముందు నీళ్ళను వెదకిరి. నీళ్ళున్నచోటనే కోట, కోట యున్నచోటనే గుడి. ఈ వరుస పుస్తకమున చదివినను, బండి కిటికీలోనుండి చూచినను మనస్సునకు పట్టదు.

ఇందుకొక నిదర్శనము చెప్పెదను. మన ప్రక్కనున్న కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు కలదు. దానిని బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు కట్టించి 1369వ సంవత్సరమున శాసనము వేయించెను. మంచి చెరువునకు కావలసిన పండ్రెండంగములను, చెరువునకు గల ఆరు దోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. నీటి శాస్త్రము తెలిసిన పండితుడు కావలెను. నేల గట్టిదై యుండవలెను. కట్టనంటి కొండ యుండవలెను. దగ్గర రాతిగని యుండవలెను. పని నేర్చిన కూలీల జట్టు కావలెను. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువు కట్టుట దోషమని వ్రాసిరి! వ్యాజ్యములపై బ్రదుకు మావంటివారి కిది సంతోషదాయకము కాకపోయినను, ఆ రాజుల దూరదృష్టిని మెచ్చుకొనక తప్పదు. ఆ పనికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పట్టినవని కూడ ఆ శాసనముననే యున్నది. కూలీల లెక్కను రాతిపై చెక్కించిన ప్రభువులెందరు? ఈ శాసనమును మనసులో నుంచుకొని, బుక్కరాయల పేర వెలసిన బుక్కపట్టణము చెరువుకట్టపై సైకిలు దిగి నిలుచుండుడు. తూమెక్కడ, మరవ యెక్కడ, కొండ యెక్కడ అని మీరే వెదకుదురు.

పేరు సంగతి వచ్చినది గనుక ఇంకొక మాట. మన జిల్లాలను పూర్వము దత్తమండలము లనెడివారు. 1800లో నిజాము ఆంగ్లేయులకు దత్తము చేసినందున వచ్చిన పేరది. ఒకడింకొకని కిచ్చిన వస్తువు పేరు మనకేల యని 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' యను పేరు ప్రతిపాదించిరి. ఆయన యనంతపురము కళాశాలలో తెలుగు చెప్పిన పండితులు, శాసన పరిశోధకులు. ఆ పేరిప్పుడు ప్రతివాని నోటను కలదు. కాని ఆ రాయలు తల్లికోట యుద్ధానంతరము, 1565లో, హంపి విడిచి యెచ్చటికి వచ్చిరని మన కళాశాల విద్యార్థి నడుగుడు. పదిమందిలో ఎందరు పెనుకొండ యని చెప్పగలరో చూడుడు. తిరుమల రాయలచ్చట రాజధాని నిలిపెను. 1592 ప్రాంతమున రాజధాని చంద్రగిరికి మారువరకు ఈ కొండక్రింది యూరే రాయల రాజ్యమునకు తలకాయ. గగన మహలు నేటికిని నిలిచియున్నది. రామాలయము, శివాలయము ఒకదాని ప్రక్క నొకటి, జైనుల పార్శ్వనాథుని గుడి, షేర్ఖాను మసీదు, బాబయ్య దర్గా. ఒక్క యూరిలో ఇన్ని మతముల పెద్దరికము చూచినవాడు, చరిత్ర పేర నేడు కొందరు పెట్టు కలహములను నమ్మునా? అచ్చటికి సమీపముననే యెర్రమంచివద్ద 2019 నుండి కార్ల కర్మాగారము నడచుచున్నది. దాని ముంగిట మన సైకిళ్ళ వరుస పోవుట వేడుకగానే యుండును.

లేపాక్షి గురించి మీరు వినియుందురు. 2022లో ఆ గుడిని, బసవన్నను యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేర్చిరి. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు గల ఆ ఏకశిలా నంది ఛాయాచిత్రము ప్రతి గోడపటము మీదను కలదు. వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రము దూర్చి తీయుట యెల్లరు చేయుదురు. నేను మిమ్ము చూడుమని కోరునది పూర్తిగాని కల్యాణ మంటపమును. అచ్యుతరాయల కాలమున ఈ గుడి కట్టించిన విరూపణ్ణ రాజు ధనమును అనుమతి లేక ఖర్చు చేసెనని అభియోగము వచ్చినదట. అతడు రాజశిక్షకు ముందే తన కన్నులు తానే పెరికి గోడకు విసరెనట. ఆ మరకలని గోడ చూపుదురు. ఇది జనశ్రుతి. అభియోగ పత్రమెక్కడ, విచారణ యెక్కడ అని నా వృత్తి నన్నడుగును. అయినను పని నిలిచిపోయినమాట రాయి చెప్పుచున్నది. సగము చెక్కిన స్తంభమువద్ద నిలిచినవానికి ఉలి చేతబట్టిన మనుష్యుడు కనబడును. పూర్తియైన శిల్పమువద్ద దేవుడు మాత్రమే కనబడును.

తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరములకు పైగా వ్యాపించినది, 1989లో గిన్నిసు పుస్తకమున కెక్కినది. చెట్టునకు నమస్కరింతము, దాని కథలోని సహగమనమును మాత్రము పొగడవలదు. కటారుపల్లెలో వేమన సమాధి కలదు. ఆ యోగి పద్యములను సేకరించి 1829లో అచ్చొత్తించినవాడు బ్రౌనుదొర. పరదేశీయుడు వెదకికొని వచ్చినదానిని మనము ప్రక్కనుండియు చూడకపోవుట వింత.

ఇక అసలు విషయము. పెద్ద గుడులకు కావలివాండ్రు కలరు, చట్టము కలదు. 1958నాటి చట్టము క్రింద రక్షిత కట్టడమును చెరచినవానికి, 2010 సవరణ ననుసరించి, రెండేండ్ల ఖైదు గాని లక్ష రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. గోడపై పేరు చెక్కు ప్రేమికులు దీనిని గమనింతురు గాక. కాని యే జాబితాకు నెక్కని వీరగల్లులు, పాడుబడిన మంటపములు, బట్టలుతుకు బండలైన శాసనములు మన సీమలో ఊరూరను కలవు. వాని కావలి యెవరు? నిక్షేపముల పిచ్చిగలవారు అర్ధరాత్రి వచ్చి విగ్రహముల పీఠములు పెకలింతురు. భూమిలో దొరికిన నిక్షేపము విలువ పది రూపాయలు దాటినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి చట్టమే చెప్పుచున్నది. ఆ త్రవ్వువారికి అదేమి పట్టును? తెలుగులో దొరికిన మొదటి శాసనముగా పండితులెంచు కలమళ్ళ శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునాటిది. అది మన పొరుగున కడప జిల్లాలోనే దొరికినది. మన కదిరి తాలూకాయు 1910 వరకు కడప జిల్లాలోనిదేగదా. రాజ్యాంగము యొక్క 51ఎ అధికరణము మన సంస్కృతి వారసత్వమును కాపాడుట ప్రతి పౌరుని విధియని చెప్పినది. పౌరుడు చూడనిదానిని కాపాడుటెట్లు? ఇరువదిమంది సైకిళ్ళపై ఊరూర దిగి, "ఇచ్చట వ్రాతరాళ్ళున్నవా తాతా?" అని యడిగి, ఛాయాచిత్రము తీసి, స్థలము గుర్తు వ్రాసి పురావస్తు శాఖవారికి పంపినచో, ఆ యూరివారే మరునాటినుండి ఆ రాతిని కనిపెట్టుకొని యుందురు. ఈ యాత్రకు నేనాశించు ముఖ్యఫలమిదే.

సైకిలు పేదవాని బండి, దానిపై పోవుట చిన్నతనమను భావము మనలో ప్రబలినది. 1923లో బొంబాయినుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళపై ప్రపంచ యాత్రకు బయలుదేరిరి. ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుమ్ భూమగరా యను ముగ్గురు 1928లో 44,000 మైళ్ళు తిరిగి యిల్లు చేరిరి. పరపాలనలోనున్న దేశపు బిడ్డలకు చిన్నతనము కానిది మనకగునా? ఆడపిల్లల మాట యెత్తగనే కొందరు తలలు వంచుచున్నారు. 1991 ప్రాంతమున తమిళనాట పుదుక్కోట్టైలో అక్షరాస్యతోద్యమము వేలాది పల్లెస్త్రీలకు సైకిలు నేర్పినది. మొదట నవ్విన వీధులే పిమ్మట దారి యిచ్చినవి. మన పిల్లలు బడికి తొక్కుచునే యున్నారు, పెనుకొండకు తొక్కరాదా? తల్లులు, అక్కలు కూడ వచ్చినచో మరియు మంచిది.

విడిది బడులలో, భోజనము ఒక్క పంక్తిని. రాగిసంగటి, ఊరిబిండి యెచ్చటనైనను దొరకును. కులము వేరు గిన్నె తెచ్చుకొనువారు దయచేసి యింటనే యుండవలెను. ఈ నియమములో సడలింపు లేదు.

తక్కినవి చిన్న సంగతులు.  తెల్లవారుజామున వెలుగు రాగానే బయలుదేరి, యెండ ముదురకముందే నీడ చేరుదుము. రాత్రి ప్రయాణము లేదు. జాతీయ రహదారిపై ఒకరి వెనుక నొకరు, ఎడమ ప్రక్కనే. తలకు శిరస్త్రాణము, సైకిలు వెనుక ఎర్రదీపము తప్పనిసరి. పంచరు సామాను, పంపు జట్టు కొకటి చాలును. పదునాలుగేండ్లకు లోబడినవారు పెద్దవారితో రావలెను. పాత సైకిలైనను ఫరవాలేదు గాని బ్రేకులు పట్టవలెను. పేర్లు ఈ మందిరపు బల్లపైనున్న పుస్తకమున నేడే వ్రాయవచ్చును. వచ్చు ఆదివారము ఉదయము ఇచ్చటినుండి కదిరివరకు పరీక్షగా తొక్కి వత్తుము. గొలుసునకు నూనె పట్టించుకొని రండు.