బైగా అక్క పచ్చబొట్లు, నేను రాసిన మస్టర్

పోయిన వారం మా క్యాంపుల ఒక లొల్లి అయింది. ఓటీ గంటలు తక్కువ పడ్డయని ఒక తమ్ముడు గట్టిగ అడిగిండు. పక్కన ఉన్నాయన "జంగ్లీ లెక్క ఏందిరా ఆ అరుసుడు" అన్నడు. ఆ మాట వినంగనే నాకు 2006 యాదికొచ్చింది.

అప్పుడు నేను ఐటీఐ చేసి హైదరాబాద్‌ల ఒక అపార్ట్‌మెంట్ సైటుల మస్టర్ రాసేది. మధ్యప్రదేశ్‌ల దిండోరి జిల్లా నుంచి పన్నెండు మంది కూలీలు దిగిన్రు. బైగా వాళ్లు. అందులో ఒక అక్కకు నుదురు మీద, చేతుల మీద, కాళ్ల మీద అన్నీ పచ్చబొట్లే. మావాళ్లు చాటుకు నవ్వేటోళ్లు. నేను గూడ నవ్విన, అబద్ధం ఎందుకు.

ఒకరోజు అన్నాలప్పుడు నాకొచ్చిన హిందీల అడిగిన. వాళ్లు దాన్ని గోద్నా అంటరట. వలిసెల మసితోటి రంగు చేసి, సూదులతోటి పొడుస్తరు. చిన్నప్పుడు నుదుటితోటి మొదలైతది, తర్వాత ఒక్కో వయసుకు ఒక్కో చోట. "వెండి సొమ్ము ఇంట్లనే ఉంటది బాబూ, చచ్చినంక ఇదొక్కటే నాతోటి వస్తది" అన్నది. నాకు నవ్వు రాలేదు.

వాళ్ల ముసలాయన ఒకాయన ఇంకో ముచ్చట చెప్పిండు. బైగాలు వెనకట నాగలి పట్టకపోయేది. భూమి తల్లి, తల్లి రొమ్ము చీల్చొద్దని. మన ఏజెన్సీల పోడు లెక్కనే వాళ్లది బేవర్. చెట్లు కొట్టి, కాలబెట్టి, వానలకు ముందు ఆ బూడిదల అరికెలు, సామలు, కందులు కలిపి చల్లేటోళ్లు. కొన్నేండ్లకు ఆ జాగ వదిలేసి ఇంకో దిక్కు పోయేటోళ్లు, అడవి మళ్ల పెరిగేది. వాళ్ల కథల మొదటి మనిషి నంగా బైగా. దేవుడు రాజ్యం ఇస్తనంటే నాకొద్దు, గోండు తమ్మునికియ్యమన్నడట. అందుకే గోండుల ఊళ్లల్ల గూడ భూమి పూజకు, మందుమాకుకు బైగానే పిలుస్తరు. నాగలే వద్దన్నోళ్లతోటి మేము సెల్లార్ తవ్విస్తున్నం. ఆయన రోజూ పార పట్టే ముందు మట్టిని ముట్టి మొక్కేది.

మరి అడవి ఇడిచి ఎందుకొచ్చిన్రు అంటరా? ఇంగ్లీషోళ్లు బేవర్‌ను ఆపి, 1890ల బైగా చక్ అని ఒక జాగ గీసి, అక్కడనే చేసుకోమన్నరు. తర్వాత కాన్హా పులుల అడవి కోసం ఊళ్లకు ఊళ్లే లేపిన్రు. దిండోరి బైగాలకు 2015ల ఆవాస హక్కులు వచ్చినయి, దేశంల అట్ల వచ్చింది మొదలు వాళ్లకే. డెబ్బయి ఏండ్ల దగ్గర బొమ్మలేసుడు మొదలుపెట్టిన జోధయ్యా బాయి బైగాకు 2023ల పద్మశ్రీ వచ్చింది. అయినా కూలీకి పోయేటోళ్లు పోతనే ఉన్నరు.

ఇంక అసలు సంగతి. వానలకు రెండు రోజులు పని సగం సగం నడిచింది. కాంట్రాక్టరు వచ్చి, "ఆ బైగాలకు రెండు రోజులు కొట్టెయ్, వాళ్లకు లెక్కలు రావు" అన్నడు. నేను కొట్టేసిన. మావాళ్లకు మాత్రం సగం సగం రాసిన.

శనివారం పైసలిచ్చినంక ఆ అక్క కొంగుల నుంచి ఒక దారం తీసింది. రోజుకొక ముడి, సగం రోజుకు సన్న ముడి. నా ముందట పెట్టి ఒక్కొక్కటి ముట్టి చూపెట్టింది. లెక్క సరిగ్గ ఉన్నది. నేను "సేఠ్‌ను అడుగు" అని తల దించుకున్న. సేఠ్ ఎల్లగొట్టిండు. పదిరోజులకు వాళ్లు వేరే సైటుకు పోయిన్రు. ఆ పైసలు ఎవ్వరూ ఇయ్యలేదు, నేను గూడ ఇయ్యలేదు.

మొన్న ఆ తమ్ముని టైంషీటు నేనే తీసి చూసిన. తొమ్మిది గంటలు తక్కువ ఉన్నయి. సరిచేసి ఆఫీసుకు పంపిన, ఇంక జవాబు రాలేదు. వస్తే చెప్త. మీరు గూడ ఏ రోజు గంటలు ఆ రోజే రాసిపెట్టుకోండ్రి. టైంషీటు మీద సంతకం పెట్టే ముందు ఫోన్ల ఫొటో తీసుకోండ్రి. ఫోర్‌మన్ నేనైనా సరే, తీసుకోండ్రి.