క్షతగాత్రునికి తొలి గంట
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి గనుక, యుద్ధంలో గాయపడిన జవానును ఎలా బతికిస్తారో నాలుగు మాటలు చెప్పమన్నారు.

1950లో కొరియా యుద్ధానికి మన దేశం పోరాడే దళాలను పంపలేదు, వైద్యులను పంపింది. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ గారి నాయకత్వాన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ నవంబరులో అక్కడికి చేరింది. ఫీల్డ్ అంబులెన్స్ అంటే బండి అనుకునేరు! అది సర్జన్లు, సహాయకులు, స్ట్రెచర్ మోసేవారు కలిసిన కదిలే ఆసుపత్రి. డిసెంబరులో ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయవలసి వస్తే లారీలు దొరకలేదు. పరికరాలు వదిలేస్తే ఆపరేషన్లు ఎలా? ఒక రైలింజను వెతికి పట్టుకుని, బకెట్లతో నీళ్లు నింపి, సామానంతా ఎక్కించి తామే నడుపుకుంటూ బయటపడ్డారు. 1951 మార్చి 23న మున్సాన్ వద్ద అమెరికన్ దళంతో పాటు మన వైద్య బృందం కూడా పారాచూట్లతో దిగి, అక్కడికక్కడే శస్త్రచికిత్సలు చేసింది. రంగరాజ్ గారికి మహావీర చక్రం లభించింది.

డాక్టరే ఆకాశం నుంచి దూకడమెందుకు? కారే నెత్తురు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి. బతికించగలిగి కూడా కోల్పోయే సైనికుల్లో ఎక్కువమంది రక్తస్రావంతోనే పోతారు. అందుకే పక్కనున్న జవానే మొదటి కట్టు కడతాడు. తర్వాత దళ వైద్యుడు, ఆపై శస్త్రచికిత్స కేంద్రం. కేకలు వేసేవాడి కంటే మాటామంతీ లేక పడివున్నవాణ్ణి ముందు చూడమని మాకు నేర్పారు. శత్రువైనా సరే, గాయాన్ని బట్టే వరుస. 1949 జెనీవా ఒప్పందాల ధర్మం అదే.

ఇది మనకెందుకంటారా? మన పిల్లలు రోజూ తిరిగే రోడ్లమీదా ఇదే లెక్క. 2005లో మన రాష్ట్రంలో 108 మొదలైంది. ఫోను చేశాక బండి వచ్చేదాకా ఉన్న సమయం మాత్రం మన చేతుల్లోనే ఉంది. శుభ్రమైన గుడ్డతో గాయంమీద గట్టిగా అదిమి పట్టండి. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి. గుడ్డ తడిస్తే పైన ఇంకొకటి వేయండి. పోలీసు కేసని జంకవద్దు. సాయం చేసినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది.

కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే సమావేశంలో పింఛను సంగతులు ముగిశాక అరగంట ఇప్పించండి, కట్టు కట్టి చూపిస్తాను. మనవలనూ వెంటబెట్టుకు రండి.

సెలవు.