మోకాలి గుజ్జుకు ఆపరేషన్
(మహిళా సంఘం సమావేశంలో ఒక నర్సు చెప్పిన మాటలు)



మోకాలి దగ్గర ఎముకల చివర తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుంది. డాక్టర్లు మృదులాస్థి అంటారు. మనం గుజ్జు అంటాం. దానికి రక్తనాళాలు లేవు. అందుకే దెబ్బ తగిలి గుంట పడితే తనంతట తాను సరిగా పూడదు.

గుంట అడుగున ఎముకకు సన్న రంధ్రాలు చేయడం ఒక పద్ధతి. రక్తం ఊరి, గడ్డకట్టి, మెల్లగా పొరలా మారుతుంది. కానీ అది అసలు గుజ్జంత గట్టిది కాదు. కొన్నేళ్ళకు అరిగిపోవచ్చు.

1994లో స్వీడన్ డాక్టర్లు ఇంకో పద్ధతి చెప్పారు. రోగి మోకాలి నుంచే కాస్త గుజ్జు తీశారు. దాని కణాలను బయట పెంచి గుంటలో వేశారు. తొడ ఎముక చివర చేసిన 16 మందిలో 14 మందికి బాగా కుదిరింది. మోకాలి చిప్పకు చేసిన ఏడుగురిలో ఇద్దరికే కుదిరింది. ఆ పద్ధతిలో కొందరికి పైన కప్పిన పొర మందంగా పెరిగి, కాలు కదిపితే పట్టేసేది. మళ్ళీ కోయాల్సి వచ్చేది.

ముసలితనంలో మోకాలంతా అరిగితే ఈ ఆపరేషన్ పనికిరాదు. అది వేరే సంగతి.

అసలు జాగ్రత్త ఇంటికి వచ్చాకే. మా వార్డు నుంచి వెళ్ళిన ఒకామెకు వారంలో పిక్క వాచింది. ముట్టుకుంటే నొప్పి. "నరం పట్టిందిలే, ఆముదం రాసి రుద్దుతా" అంది అత్తగారు. ఆమె మాత్రం డిశ్చార్జి కాగితం తీసి కూడబలుక్కుని చదివింది. "పిక్క వాచితే వెంటనే రావాలి" అని ఉంది. బస్సెక్కి వచ్చేసింది. పిక్కలో రక్తం గడ్డకట్టింది. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణానికే ముప్పు. హఠాత్తుగా ఆయాసం, గుండెలో నొప్పి వస్తే క్షణం ఆగకండి.

జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా అంతే. పసుపు పెట్టి కూర్చోవద్దు.

నొప్పికి భయపడి కాలు కదపకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. చెప్పిన కసరత్తు చెప్పినట్టు చేయాలి. కానీ బరువు మోపడం వేరు. చాలామందికి ఆరు వారాల దాకా చంక కర్రలు ఉంటాయి. మన ఇళ్ళల్లో అన్నాళ్ళు ఎవరు కూర్చోనిస్తారు? మూడోవారమే బిందె ఎత్తిస్తారు. అందుకే ఆపరేషన్‌కు ముందే ఇంట్లో వాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళు ఎవరు తేవాలో, వంట ఎవరు చేయాలో తేల్చుకోండి.

వెనక కూర్చున్న అక్క ఏదో అడగాలంటోంది. అడుగమ్మా.