కాటా దగ్గర క్రైస్తవుడు
(యువజన సభలో చేసిన ప్రసంగము)



నేను వ్యాపార శాస్త్రము చదువుచున్నాను. చదువు ముగిసిన పిమ్మట ధాన్యము వ్యాపారము చేయవలెనని నా ఆశ. "విశ్వాసికి అది తగునా?" అని కొందరు పెద్దలు అడుగుచున్నారు.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు వరి మీద బ్రతుకుచున్నవి. 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, బాపట్లలోనే రూపొందినది. ఆ బియ్యము దేశమంతట పేరు పొందినది. పండించిన కౌలు రైతు మాత్రము అప్పిచ్చిన వర్తకునికే ధాన్యము అమ్ముకొనవలసి వచ్చుచున్నది. కోతల వేళ తుపాను కబురు వచ్చినచో ఆరబెట్టుటకు వ్యవధి లేదు. తేమ 17 శాతము దాటినచో ప్రభుత్వ కొనుగోలు ప్రమాణమునకు సరిపోదు. అప్పుడు వర్తకుడు అడిగినదే ధర. 75 కిలోల బస్తాకు తరుగు పేరిట రెండు కిలోలు తీసినచో, నూరు బస్తాలకు 200 కిలోలు పోవును. అది ఒక కుటుంబమునకు నెలల తరబడి తిండి.

బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను పని మానుమనలేదు. నిర్ణయించిన దానికంటె ఎక్కువ తీసికొనవద్దనెను. కనుక వ్యాపారము పాపము కాదు. ఎదుటివాని ఇక్కట్టును లాభముగా మార్చుకొనుట పాపము.

నాకును మంచి ఇల్లు, పదిమందిలో పేరు కావలెనని ఉన్నది. అయినను మూడు తీర్మానములు చేసికొంటిని. తూకము రైతు కన్నుల యెదుటనే జరుగవలెను. తేమ కొలిచిన అంకె అతనికి చూపవలెను. వాన కబురు విని ధర తగ్గించరాదు.

తోటి వర్తకులు తగ్గించిన దినమున నేను ఒంటరిగా నిలువవలసి వచ్చును. సంఘములో వ్యాపారమెరిగిన పెద్దలారా, ఆ దినమున ఎట్లు నిలువవలెనో నాకు నేర్పుడి. నా కొరకు ప్రార్థించుడి.